బోణీ బోర్డు

కర్నూలు పాత బస్టాండు వెనక కంప్యూటర్ల అంగడి తెరిచిన నాడు ఉరుకుందప్ప చేతిలో ఉన్నవి ఒక స్క్రూడ్రైవరు, ఎవరో పారేయబోతే తెచ్చుకున్న బల్ల, అబద్ధం చెప్పడన్న పేరు. ఇప్పుడు షట్టరు ఎత్తుతుంటే నడుము పట్టేస్తోంది. టంకం వేడికి చేతి బొటనవేలు కాలి కాలి మొద్దుబారింది. జనం కంప్యూటర్లు ఫోనులోనే కొనేస్తున్నారు. నిలకడగా వచ్చేది కల్లూరు నాగలత ఒక్కతే. పెళ్లి వీడియోలు కూర్చే ఆమె బేరం పోతే అంగడి పోయినట్టే.

ఆ పొద్దున మొదట వచ్చింది ఆమే, కొత్త ప్రాసెసరుతో.

"దీని స్పీడు పెంచుకోవచ్చంట అన్నా. సరిపోయే బోర్డు ఇయ్యి. పెండ్లిండ్లు శానా ఉండాయి."

అరలో మిగిలింది ఒకటే మదర్‌బోర్డు. ప్రాసెసరు అందులో చక్కగా కూర్చుంటుంది, నడుస్తుంది కూడా. వేగం పెంచే వీలు మాత్రం ఆ బోర్డుకు లేదు. వీలున్నది హైదరాబాదు నుంచి రావాలి. అదంతా ఉరుకుందప్పకు తెలుసు. కానీ ఇది బోణీ. బోణీ బేరాన్ని వట్టిచేతులతో పంపరాదన్నది సంతలో బెల్లం అమ్మిన తండ్రి నేర్పిన లెక్క. ఇప్పటికి ఇచ్చి, తర్వాత మార్చొచ్చు అనుకున్నాడు.

"పెరుగుతాదా అన్నా?"

"పెరగక యాడికి పోతాదమ్మా."

డబ్బు కళ్లకద్దుకుని, బోర్డు పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి ఇచ్చాడు. ఆ తర్వాత మరో మనిషి గడప తొక్కలేదు.

ఎండ వాలేవేళకు నాగలత పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"స్పీడు పెంచేచోట తాళం ఏసినట్టుండాది. చూడక ఇచ్చినావా, చూసే ఇచ్చినావా?"

అతను స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాడు. "చూసే" అన్నాడు. గల్లాపెట్టె మీద చెయ్యి వేసి ఆగాడు. "అంగడి మూసినాక డబ్బు ఇస్తానమ్మా. బోణీ దుడ్లు అంగడి మూయకముందే వెనక్కి ఇయ్యగూడదు."

నాగలత నవ్వింది. "నన్ను ముంచి బోణీని కాపాడుకున్నావు. పెట్టుకోప్పా." పెట్టె అక్కడే వదిలి వెళ్లిపోయింది.

పొద్దున అతను ఆమెకు అన్న. ఇప్పుడు దారిన పోయే అప్ప.

షట్టరు దించి, ఆ డబ్బు తీసుకుని షేరు ఆటోలో కల్లూరు పోయాడు. ఆమె గొళ్లెం తీయకుండానే, "వద్దులేప్పా" అంది.

అమావాస్య దాటాక ఉరుకుందప్ప అంగడి ఖాళీ చేసి ఊరికి పోయాడు. పేరు పోయింది, బేరం పోయింది. బల్లను పక్క అంగడి ఆంజనేయకు వదిలాడు. స్క్రూడ్రైవరు జేబులో వేసుకున్నాడు. మిగిలింది ఆ ఒక్క బోణీ డబ్బు. బోర్డు మాత్రం తనది కాదని ముట్టుకోలేదు. ఖాళీ అరలో సీలు తెగిన పెట్టె, దాని మీద ఎండి పెచ్చులూడుతున్న కుంకుమ బొట్టు.