అక్క కోపం చల్లారకూడదు

పొద్దున్నే అమ్మకున్న మొదటి పని, అక్కకు కోపం తెప్పించడం.

"ఆ జుట్టేంటే, పిచ్చుక గూడులా? ఆఫీసుకేనా వెళ్ళేది?"

అక్కకు చిర్రెత్తుకొస్తుంది. వెంటనే అందరి మాటలూ వాళ్ళవాళ్ళ గడ్డాల కింద తెల్లటి అక్షరాలై నిలబడతాయి. పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడని తమ్ముడు టీ తాగుతూ అవి చదువుకుని పకపకా నవ్వుతాడు. అక్క చల్లబడిందా, అక్షరాలూ మాయం. ఉత్తుత్తి కోపానికి ఒక్కటీ రాదు. అందుకే ఇంట్లో ఎవరో ఒకరు ఆవిణ్ణి గిల్లుతూనే ఉంటారు.

అక్క ఉద్యోగమూ అలాంటిదే. లిఫ్టు మెకానిక్కులకు వీడియో పాఠాలు చెప్పే సంస్థలో, మాటలు విని బొమ్మ కింద క్యాప్షన్లు కొడుతుంది. తమ్ముడు చదివేది ఆ పాఠాలే. ఇక మిగిలింది బ్రేకు పాఠం. అది అర్థం కాకపోతే పరీక్ష గట్టెక్కడు. ఎలాగో గట్టెక్కినా లిఫ్టు గుంతలో ప్రాణం దక్కదు.

సరిగ్గా ఆ పాఠం లైవ్‌లో మొదలయ్యే ముందు మేనేజరు పిలిచాడు.

"చూడమ్మా, ఇవాళ్టి నుంచి క్యాప్షన్లు వద్దు. బొమ్మ అందం పాడవుతోంది."

"అందమేంటి సార్? చూపించేది బ్రేకు!"

"గుప్పెడుమంది కోసం ఇంత గొడవా?"

ఏం మనుషులండీ! అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. విసవిసా రికార్డింగు గదిలోకి వెళ్ళి కెమెరా వెనక నిలబడింది. పాఠం చెప్పే మాస్టారి గడ్డం కింద అక్షరాలు పెద్దపెద్దగా లేచాయి.

మేనేజరు పరుగెత్తుకొచ్చి కెమెరాకు అడ్డంపడ్డాడు. "ఆపండి! చెవిటివాళ్ళకు ఈ పనులెందుకు?"

ఆ మాటా అతని గడ్డం కింద నిలిచింది. చూస్తున్నవాళ్ళంతా చదివారు. చేత్తో కప్పుకుంటే చేతి మీదికొచ్చింది.

"సార్, కాస్త జరగండి, బ్రేకు కనపడట్లేదు" అన్నాడు మాస్టారు.

అక్క కోపం ఆరలేదు. ఆరనంతకాలం, రికార్డయిన వీడియోలోనూ అక్షరాలు చెదరలేదు. మేనేజరు మఫ్లరు చుట్టుకుని తిరిగాడు.

పరీక్ష ఫలితం వచ్చిన సాయంత్రం తమ్ముడు గంతులేస్తూ వచ్చి చేతులతో చెప్పాడు: "పాసయ్యాను! ఇక నవ్వు అక్కా."

అక్క పెదవి కదిలింది. తమ్ముడి ఫోన్లో బ్రేకు పాఠం అక్షరాలు వెలవెలబోయాయి. అక్క గబుక్కున పెదవి కొరుక్కుంది.

"నీ పరీక్ష అయిపోయిందిరా. నీలాంటి వాళ్ళింకా ఎంతమంది ఆ పాఠం చూడాలి?" అని చేతులతోనే చెప్పి, వంటింటి వైపు తిరిగింది.

"అమ్మా, పొద్దున నా జుట్టు గురించి ఏదో అన్నావు. మళ్ళీ అను."