సీసపు ముద్ర

జీవుడు ఒక దేహాన్ని విడిచి మరొక దేహం చేరినట్టు, సైన్యం తీసివేసిన లారీ ఇంజను బస్సులో కుదురుకున్నది. బోల్టులన్నీ పాత రంధ్రాలలోనే కూర్చున్నాయి. ఒక్క గొట్టమైనా వంచవలసిన పని పడలేదు.

"అలగని అల్లుడు బావా. పెట్టిన చోట కూర్చున్నాడు," అన్నాడు షెడ్డు నడిపే బావమరిది.

డ్రైవరు నవ్వలేదు. యౌవనమంతా సైన్యంలో అటువంటి లారీనే నడిపినవాడు. ఆ ఇంజను డీజిలు పంపుకు తీగతో బిగించిన సీసపు ముద్ర ఉంటుందనీ, అది వేగాన్ని హద్దు దాటనివ్వదనీ అతనికి తెలుసు. బారులు తీరి సాగే బండ్లలో ఏదీ తక్కినవాటిని విడిచి పోరాదు; వెనుకబండి అద్దంలో కనబడకుంటే ముందుబండి నెమ్మదించాలి. అది అక్కడి ధర్మం.

ఆనాటి నుండి బస్సు రోజూ ఆలస్యమే.

"డ్రైవరుగారూ, దిగి తొయ్యమంటారా?" అని వెనుక సీట్లలోంచి ఎకసెక్కాలు. సోమవారం కూడా వేళకు చేరకపోతే బస్సును మరొకరికి అప్పగిస్తానని యజమానురాలు తేల్చి చెప్పింది. భార్య పోయిన తరువాత అతని రోజులో ఆ ఎకసెక్కాలే మాటలు. ఇంట్లో రెండో కుర్చీ మీద తువ్వాలు ఆరుతున్నది.

ఆదివారం సాయంత్రం షెడ్డుకు వెళ్లాడు.

"ఇంజనుకి పూర్వజన్మ వాసన పోలేదురా. ఆ ముద్ర తెంచెయ్."

బావమరిది నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని, సొరుగు లాగి, నలిగిన సీసపు బిళ్లను అతని అరచేతిలో పెట్టాడు.

"బిగించిన రోజే తెంచేశాను బావా. పంపు కూడా బస్సుకి తగ్గట్టు సర్దాను. వాసన దానికి కాదు."

"మరి?"

"ఆ మోత వినగానే నీకు పాత రోజులు పట్టుకున్నాయి. ఊరికే అద్దంలోకి చూస్తావు. వెనకాల ఎవరూ లేకపోతే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తావు."

డ్రైవరు బిళ్లను వేళ్ల మధ్య తిప్పాడు.

"రేపు నీ వెనక స్కూటరు మీద వస్తాను. నేను వెనకబడ్డా ఆగొద్దు."

"నీ స్కూటరా? అది ఎక్కడ ఆగితే అక్కడ నీ షెడ్డు."

"వెక్కిరించు, పర్లేదు. ఆగొద్దన్నాను, అంతే."

మరునాడు ఊరు దాటే వరకు అద్దంలో స్కూటరు కనబడుతూనే ఉన్నది. ఎత్తు ఎక్కుతుండగా చిన్నదైంది. డ్రైవరు కాలు తనంతట తానే లేచింది. ఇంజను మోత తగ్గింది. వెనుక ఎవరో నిట్టూర్చారు. అద్దంలో బావమరిది స్కూటరు ఆపి, ఒక కాలు నేలకు మోపి, పొమ్మని చెయ్యి ఊపుతున్నాడు.

డ్రైవరు కాలు గట్టిగా అదిమాడు. ఆ చెయ్యి చుక్కంతయి, ఆ చుక్కా పోయి, అద్దంలో రోడ్డు ఒక్కటే మిగిలింది.

బస్సు వేళకు చేరింది. జనం దిగి ఎవరి దారిన వారు వెళ్లారు. ఆ రోజు అతనితో ఎవరూ ఏమీ అనలేదు. ఖాళీ బస్సులో ఇంజను ఆపకుండా, ఆ మోత వింటూ, అతడు కాసేపు కూర్చున్నాడు.