ఒటీలియా తోటలోనే పడిపోయింది

ఒటీలియా ఖర్బూజా సాలులో బోర్లా పడిపోయింది. కత్తి ఇంకా గుప్పిట్లోనే ఉంది. పక్క సాలులో ఉన్న నేను సంచీ వదిలేసి పరిగెత్తాను. ఒళ్లు పెనంలా కాలిపోతోంది, చెమట చుక్క లేదు. మిట్టమధ్యాహ్నం. నీళ్ల పీపా తోటకి ఆ చివరన, మేం ఈ చివరన.

"ఎవరూ ముట్టుకోకండి! ఆస్పత్రికి నేను తీసుకెళ్తా," అంటూ వచ్చాడు బల్దొమేరో. మమ్మల్ని వ్యాన్లలో తోలుకొచ్చే కాంట్రాక్టరు వాడు. ఒకప్పుడు మాలాగే వహాకా కొండలు దిగి, సరిహద్దు దాటి వచ్చినవాడే. ఇప్పుడు కంపెనీ వాళ్లకంటే వాడే గట్టిగా అరుస్తాడు.

ఒటీలియా చెల్లెలు ఎర్మీనియా బండెక్కబోతే వాడు తోసేశాడు. "నువ్వూ వస్తే సాలు ఎవడు కోస్తాడే?"

బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. మేం మళ్లీ వంగి కోశాం. అవును, కోశాం.

సాయంత్రం మా క్యాంపు ముందు ఒక పెద్ద లారీ ఆగింది. పంజాబీ డ్రైవరు, తల మీద తలపాగా లేదు, జుట్టు ముడి మాత్రమే ఉంది. పేరు జర్నైల్. మా తోట సరుకు ఎత్తేవాడే కాబట్టి ముఖం ఎరుగుదుం. వచ్చీరాని మా భాషలో అడిగాడు:

"అమ్మా, మీలో ఎవరిదైనా మనిషి ఇంకా ఇంటికి రాలేదా?"

రొట్టెలు కాలుస్తున్న ఎర్మీనియా లేచి నిలబడింది.

అతను చెప్పింది ఇదీ. ఐదో నంబరు రోడ్డు పక్కన, లారీలు ఆగేచోట, ఎండలో ఒక బల్ల మీద ఆమెను పడుకోబెట్టి ఎవరో వెళ్లిపోయారు. వెళ్తున్న బండిని అతను చూశాడు. బల్దొమేరో బండి. తను తలపాగా విప్పి, నీళ్లలో తడిపి ఆమెకు చుట్టాడు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది.

"చేతులనిండా ఖర్బూజా జిగురుంది. అందుకే మీ దగ్గరికొచ్చా," అన్నాడు. ఎర్మీనియా ఏడవలేదు. పొయ్యి మీద రొట్టె మాడిపోతుంటే ఎవరూ తీయలేదు.

చీకటి పడకముందే బల్దొమేరో దిగాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"పాపం ఒటీలియా. ఇవాళ అసలు పనిలోకే రాలేదు కదా. రోడ్డు మీద పోయింది. మీరూ అదే చెప్పండి."

"మా అక్క తోటలోనే పడిపోయిందిరా!" అంది ఎర్మీనియా.

వాడు టోపీ పెట్టుకున్నాడు. "ఇదిగో చెబుతున్నా. ఈ ఐదో నంబరు రోడ్డు ఇక్కణ్నుంచి ఆరెగాన్, వాషింగ్టన్ దాటి కెనడా గేటు దాకా పోతుంది. ప్రతి తోటలో నా వాళ్లున్నారు. నోరు జారినవాడికి ఈ రోడ్డు పొడుగునా పని దొరకదు. కాగితాలు లేనోళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు."

వాడు వెళ్లాక బట్టలుతికే పంపు దగ్గర అందరం చేరాం.

"వాడన్నంత పనీ చేస్తాడు," అన్నాడు ముసలి ఫిదెన్సియో. "పోలీసుల్ని పిలిస్తే మనల్నే లారీ ఎక్కించి సరిహద్దు దాటిస్తారు. పిల్లలుగలవాళ్లం."

"ఒటీలియాకి లేరా పిల్లలు?" అన్నాను.

"ఉన్నారయ్యా! అందుకే భయం!"

ఎర్మీనియా మధ్యలోకొచ్చింది. "మామా, బేరిపళ్లు కోయడానికి ఆరెగాన్‌లో, మెడ్‌ఫర్డ్‌లో ఎవరు దిగుతారు?"

"మనవాళ్లే."

"ఇంకా పైన, ఆ బెర్రీ పళ్లకి?"

"మా తమ్ముడి పిల్లలు. మన ఊరోళ్లే."

"మరి ఈ రోడ్డు పొడుగునా ఉన్నది వాడా, మనమా?"

ముసలాయన జేబులోంచి ఫోను తీసి తమ్ముడి కొడుక్కి కలిపాడు. తర్వాత ఒకరొకరుగా అందరి ఫోన్లూ మోగడం మొదలైంది.

పొద్దున్నే తోటకి వెళ్లాం. ఒక్క కాయ కోయలేదు. పెద్ద రోడ్డు దిగి తోటకొచ్చే దారి మీద, గేటు ముందు బాసింపట్టు వేసి కూర్చున్నాం. దుప్పటి మీద రంగుతో రాశాం: ఒటీలియా తోటలోనే పడిపోయింది.

సరుకు కోసం వచ్చిన లారీలు వరసగా ఆగిపోయాయి. బల్దొమేరో పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు. "ఈ ఆడదే అందర్నీ రెచ్చగొడుతోంది. చచ్చిపోయినామె తోటలోకే రాలేదు సార్!"

ముందు లారీ తలుపు తెరుచుకుంది. జర్నైల్ దిగాడు.

"ఆమెని నీ బండిలోంచి దింపావు. నేను చూశాను."

"నీకెందుకురా లారీవాడా? సరుకెత్తుకుని పో!"

"ఈ సరుకు నేనెత్తను," అన్నాడు జర్నైల్. వెనక్కి తిరిగి తన వాళ్లకి పంజాబీలో కేకేశాడు. వెనక లారీ ఇంజను ఆగింది. దాని వెనకది ఆగింది. ఆ దారిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. గేటు లోపల ఖర్బూజాలు ఎండకి పగలడం మొదలైంది.

పోలీసులు ఎర్మీనియా చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. జర్నైల్‌కీ వేశారు. ఫిదెన్సియో, నిన్న భయపడ్డ ఫిదెన్సియో, వాళ్లనెక్కించిన పోలీసు కారు ముందు అడ్డంగా పడుకున్నాడు. నలుగురు మోసి పక్కన పడేశారు. లేచి మళ్లీ వచ్చాడు.

"మామా, ఇక చాలు!" అని అరిచింది ఎర్మీనియా కారులోంచి. "వంతెన మీదికి పోండి! రోడ్డుకి కనబడండి!"

దుప్పటి పట్టుకుని ఐదో నంబరు రోడ్డు పైనున్న వంతెన ఎక్కాం. కింద ఉత్తరానికీ దక్షిణానికీ లారీలు పరుగులు పెడుతున్నాయి. మొదటి లారీ హారన్ కొట్టింది. ఆ తర్వాత అన్నీ కొట్టాయి. మా కాళ్ల కింద వంతెన అదిరింది.

వాళ్లిద్దరూ ఇంకా జైల్లోనే ఉన్నారు. ఒటీలియా ఆ రోజు పనిలోకే రాలేదని కంపెనీ ఇంకా చెబుతోంది. కానీ మర్నాడు మెడ్‌ఫర్డ్ నించి ఫోనొచ్చింది. బేరితోట ముందు బల్దొమేరో తమ్ముడు మావాళ్లని తెచ్చిన వ్యాను ఆపి, తలుపు లాగి, "దిగండి" అన్నాడట.

ఎవ్వరూ దిగలేదట.