గొంతు సవరించుకునే మిషను

మామగారు ఏ సంగతికైనా "వద్దు" అనేముందు రెండుసార్లు గొంతు సవరించుకునేవారు. ఆ రెండు చప్పుళ్లకే ఇంజినీరల్లుడి ఉద్యోగమంతా హరించుకుపోయింది. సీసాల్లో మందు నింపే మిషన్లు తయారుచేసే ఆ ఇంట్లోకి అతను చదువు ముగియగానే పెళ్లితో పాటు వచ్చిపడ్డాడు. కొత్త డిజైను గీసి తెస్తే "ఎహెఁ, ఎహెఁ." గేర్లు మారుద్దామంటే "ఎహెఁ, ఎహెఁ." చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సరిపెట్టుకుందామంటే, ఆయనవి పాము చెవులు.

ఆయన పోయినప్పుడు అల్లుడు నిజంగానే ఏడ్చాడు. ఇకనైనా నా మాట చెల్లుతుందిలే అని లోలోపల కాస్త సంతోషించాడు కూడా. అది తప్పనేవాళ్లెవరూ అత్తారి కంపెనీలో ఉద్యోగం చేసి ఉండరు.

ఆ నెల దాటకముందే, షెడ్డులో ట్రయల్ నడుస్తున్న మిషను సగమే నిండిన సీసాను పక్కకి తోసేముందు గొంతు సవరించుకుంది. రెండుసార్లు.

బావమరిది చేతిలోని పానా జారవిడిచి నిటారుగా నిలబడ్డాడు. అత్తగారు కుర్చీ తెప్పించుకుని మిషను పక్కనే కూర్చుంది. అల్లుడు మూత విప్పి, మామగారు స్వయంగా ఆకురాయితో అరగదీసి బిగించిన క్యామ్ చూపించాడు.

"ఇదిగో అత్తయ్యా, ఈ గుండ్రటి ముక్క ఇక్కడ ఒరుసుకుంటోంది. చప్పుడు దీనిదే."

"ఆయన గొంతూ అలాగే ఒరుసుకునేది బాబూ" అందావిడ.

అప్పట్నుంచి పెత్తనం మిషనుదే. బావమరిది ప్రతి సంగతీ దాని ముందు నిలబడి అడిగేవాడు. గొంతు వినిపిస్తే వద్దని, లేకపోతే సరేనని లెక్క. అల్లుడి సంగతి ఎత్తినప్పుడు మాత్రం సీసాలన్నీ నిండుగా ఉన్నా గొంతు వినిపించేది. అదెలాగో తేల్చుకుందామని అతను మూత మళ్లీ విప్పాడు. క్యామ్‌లో ఏ తేడా లేదు. గబగబా మూత బిగించేశాడు.

చివరికి పంతం పట్టి, క్యామ్‌తో పనిలేని, మోటార్లతోనే నడిచే మిషను గీశాడు. ఇది కుదిరితే పాతదాన్ని తుక్కుకి వేసెయ్యాలన్నాడు. బావమరిది ఒప్పుకున్న రోజు కరెంటు లేదు కాబట్టి పాత మిషను అభిప్రాయం తెలియలేదు.

"ఏవండీ, దాన్ని తీసెయ్యకండి. నాన్న ఎక్కడుంటాడు మరి?" అంది భార్య.

"పోయిన మనిషిని ఇంకా ఎక్కడుంచుతావు? నేను బతికున్నాను కదా. ఒక్కసారైనా నా మాట వినరా ఎవరూ?" అన్నాడు. అంత గట్టిగా అతను ఆ ఇంట్లో ఎన్నడూ మాట్లాడలేదు.

ట్రయల్ రోజు పొద్దున్నే అందరూ వచ్చారు. కొత్త మిషను చప్పుడు లేకుండా నడుస్తుంటే అతనికి గర్వంతో కళ్లు చెమర్చాయి. కావాలనే ఒక సగం సీసా వరసలో పెట్టాడు. అది దగ్గరికి రాగానే మిషను ఒక్క క్షణం తటపటాయించింది.

"అది కాదండీ..." అంది.

అచ్చం అతని గొంతే. మొహమాటంగా మొదలై, చివర్న నీరుగారిపోయే ఆ తీరు కూడా అతనిదే.

అత్తగారే ముందు తేరుకుంది. "మీ మామయ్య పోయాకే మిషన్లోకి వచ్చారు. నీకెందుకు బాబూ ఇంత తొందర?"

బావమరిది ముందుకొచ్చాడు. అల్లుడి వైపు కాదు, మిషను వైపు. తల వంచి, మర్యాదగా, "చెప్పు బావా, వింటున్నాను" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట బావమరిది నోట రావడం అదే మొదలు.

అల్లుడు ఎర్ర బటన్ మీద ఒక్క చరుపు చరిచాడు. మిషను ఆగిపోయింది. నేనిక్కడున్నాను, ఇటు చూడండి అనబోయాడు. పెదాలు కదిలాయిగానీ గొంతు పెగల్లేదు. మెడనరాలు ఉబ్బేలా మళ్లీ ప్రయత్నించాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ప్రాణభయంతో భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఆమె అతని పెదాల వైపు కాసేపు చూసింది. ఏదో చెప్పాలనుకుంటున్నాడని ఆమెకి అర్థమైంది.

"కంగారుపడకండి" అంటూ మెల్లగా చెయ్యి విడిపించుకుని, వెళ్లి మిషను ఆన్ చేసింది.