పక్క వెలుతురు

గోదాము నేల మీద మోకాళ్ళూని భూతద్దం ఆ సొట్టను తొమ్మిదోసారి ఫోటో తీశాడు. కెమెరా నెత్తిన ఉన్న చిన్న ఫ్లాష్ ఠప్పున వెలిగింది. వెనక తెరలో మళ్ళీ అదే బొమ్మ. రేకు మీద తెల్లని మెరుపు ముద్ద, సొట్ట ఉందో లేదో తెలియని చదును. అంతకుముందు టార్చి వేసి తీస్తే పసుపు మరకలా వచ్చింది. అందులో తుప్పేదో నీడేదో విడదీయలేకపోయాడు.

రవాణాలో పగిలినవీ నలిగినవీ ఫోటో తీసి, అవి ఎక్కడ చెడిపోయి ఉంటాయో రాసిపెట్టే ఉద్యోగం ఆయనది. పెట్టెల మూలలకు ముక్కు ఆనించి చూస్తాడని హమాలీలు ఆయనకు భూతద్దం అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. మొదట ఎవరు పెట్టారో ఆరా కూడా తీశాడు, ఎవరూ నోరు విప్పలేదు.

ఆ సొట్ట ఒక బేకరీ ఓవెన్ తలుపుది. నిన్న సాయంత్రం లారీలోంచి దించిన నలుగురిలో బరువు కొస పట్టుకున్నవాడు, అందరూ నిదానం అని పిలిచే హమాలీ. పొద్దున చెక్కపెట్టె విప్పేసరికి తలుపు రేకు లోపలికి నొక్కుకుపోయి ఉంది. హమాలీ జారవిడిచాడని లారీ డ్రైవరు రాసిచ్చి తన దారిన తాను పోయాడు. నాలుగింటికి మేనేజరు నివేదిక మీద సంతకం చేయాలి. సొట్ట పాతదని ఈలోగా తేలకపోతే నిదానం రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు.

నిదానం గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఎడమ భుజం కుడిదాని కంటే రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. గాజుసామాను ఎత్తినా ఇనుము ఎత్తినా నోటి వెంట "మెల్లగా, మెల్లగా" అన్న మాటే.

"మీరు నమ్ముతున్నారా సార్, నేను పడేశానని?" అని అడిగాడు.

"నేను నమ్మేదేముంది? ఫోటో చెబుతుంది."

"ఏమంటోంది మరి?"

"ఏమీ అనట్లేదు. వెలుగు ఎదురుగా కొడుతోంది. పక్కనుంచి కొట్టే ఫ్లాష్ ఉండాలి." భూతద్దం లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. మేనేజరు గదిలోకి తొంగిచూసి ఫ్లాష్ కొనాలంటే, ఆయన తల ఎత్తకుండానే, "చవకది చూడండి. మూడున్నరకల్లా ఇక్కడుండండి" అన్నాడు.

అప్పటికి పదకొండు కావస్తోంది. దారిలో భార్య ఫోను చేసింది.

"ఫ్లాష్ కొనడానికి వెళ్తున్నా."

"ఇవాళ కొంటారా, ఈ ఏడాదిలో కొంటారా? చెప్పులు కొనడానికే నాలుగు రోజులు పట్టింది. పాపం ఆ షాపువాడు ఐదోరోజు కొట్టు తియ్యనేలేదు."

"ఆ రోజు ఆదివారం" అన్నాడు భూతద్దం.

కెమెరా షాపు సన్నగా, పొడుగ్గా ఉంది. లోపల గాజుబల్ల వెనక కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న ఒకావిడ ఏదో లెన్సు తుడుస్తోంది. ఆమె మూడు ఫ్లాష్‌లు వరసగా పెట్టింది. మొదటిది కెమెరా కంపెనీదే, ధర వినగానే ఆయన దాన్ని వెనక్కి తోశాడు. రెండోది పాతకాలపు రీలు కెమెరాలది, కారుచవక.

"ఇది ఇంత చవక ఎందుకు?"

"కొన్ని పాతవాటికి కరెంటు ఎక్కువన్నయ్యా. మీ డిజిటల్ కెమెరాకి తగిలిస్తే లోపలి సర్క్యూటు కాలిపోవచ్చు. అందుకే చెబుతున్నా, వద్దు."

అమ్ముకునే మనిషి వద్దంటోందంటే మిగిలినదాంట్లో లాభం ఎక్కువై ఉంటుందనుకున్నాడు. మూడోది కొత్తది, పేరు తెలియని కంపెనీది. తల అటూ ఇటూ తిరుగుతుంది. తీగ తగిలిస్తే చేత్తో పట్టుకుని ఏ పక్కనుంచైనా కొట్టొచ్చు. వెలుగు ఎంత కావాలో మనమే తిప్పి పెట్టుకోవాలి. తనంతట తాను ఏదీ నిర్ణయించుకోదన్న ఆ ఒక్క గుణమే ఆయనకు నచ్చింది.

షాపు బ్యాటరీలు వద్దని జేబులోంచి సొంతవి తీశాడు. ఫ్లాష్ వెలిగించి, మళ్ళీ సిద్ధమైనట్టు ఎర్రదీపం వచ్చేదాకా వాచీ చూసుకున్నాడు. ముప్పైసార్లు కొట్టాడు. ముప్పైసార్లూ చెయ్యి పెట్టి వేడి చూశాడు.

"జ్వరం ఉందా?" అంది ఆవిడ.

భూతద్దం నవ్వలేదు. ఆయనా ఒకప్పుడు నవ్వుతూ పనిచేసినవాడే. పంతొమ్మిదేళ్ళ కిందట మెయిన్ ఆఫీసులో కుర్చీ, ఫ్యాను ఉండేవి. తెలిసినవాడే కదా అని ఒకడి మాట మీద, పెట్టె విప్పకుండా, 'సరిగానే ఉంది' అని రాశాడు. పెట్టె నిండా ఇటుకలు. కుర్చీ పోయింది, గోదాము వచ్చింది. అప్పట్నుంచి కంటితో చూడనిది రాయలేదు. చూసింది కూడా రెండోసారి చూశాకే రాశాడు. ఇంట్లో గ్యాసు కట్టేశావా అని అడిగి, భార్య కట్టేశానన్నాక వెళ్ళి చూసొస్తాడు. పండు కొంటే వాసన, పుస్తకం కొంటే చివరి పేజీ చూస్తాడు. ఇన్నేళ్ళలో ఆయన నివేదిక ఒక్కటీ తప్పు కాలేదు. ఆయనతో కలిసి టీ తాగే మనిషీ ఒక్కడు లేడు.

ఫ్లాష్‌ను కెమెరా మీద బిగించి షాపు గోడను ఫోటో తీశాడు. కింది సగం నల్లగా వచ్చింది. ఇంకోటి తీశాడు. అదే నలుపు, కత్తితో కోసినట్టు.

"ఇదేంటమ్మా? సగమే వెలుగుతోంది."

"షట్టర్ వేగం ఎంతలో పెట్టారు?"

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"మీ కెమెరాలో ఉన్న ఫ్లాష్ అయితే కెమెరానే వేగం తగ్గించుకుంటుంది. ఇది బయటిది కదా, వచ్చిందని దానికి తెలీదు. మీరే తగ్గించాలి."

పొద్దున ఎండలో లారీల నంబరు పలకలు తీసిన వేగం అలాగే ఉంది. ఆయన ఒంగి చూసి తగ్గించాడు. గోడ మొత్తం తెల్లగా వచ్చింది. అయినా మనసు కుదుటపడలేదు. తప్పు తనదేనని అంత త్వరగా ఒప్పించిందంటే ఈవిడ ఎంతమందిని ఇలా ఒప్పించి ఉంటుంది?

అంతలో గోదాము గేటు కాపలాదారు నంబరు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది నిదానం.

"సార్, దొరికిందా?"

"చూస్తున్నా."

"రెండు దాటింది సార్. త్వరగా వస్తే..."

"నీకెందుకంత తొందర? తొందరపెడితే నాకు అనుమానమొస్తుంది."

"సరే సార్, మెల్లగానే రండి" అన్నాడు నిదానం.

భూతద్దం బయటికొచ్చి రెండు వీధులు దాటి ఇంకో షాపుకెళ్ళాడు. అక్కడి మనిషి అదే ఫ్లాష్ చూపించి, అదే మాట చెప్పి, కాస్త ఎక్కువ ధర చెప్పాడు. ఆయన తిరిగి మొదటి షాపుకొచ్చి, తాను పరీక్షించిన ఫ్లాష్‌నే అడిగి తీసుకున్నాడు. ఆవిడ పెట్టెలో సర్దుతుంటే మార్చేస్తుందేమోనని చేతులే చూస్తూ నిలబడ్డాడు.

మూడు ఇరవైకి గోదాములో ఉన్నాడు. కెమెరా కుడిచేత్తో, తీగ కట్టిన ఫ్లాష్ ఎడమచేత్తో పట్టుకుని, రేకు పక్కనుంచి కొట్టాడు. తెరలో సొట్ట లోయలా తెరుచుకుంది. దాని అడుగున పెయింటు పగిలిన గీతలు. ప్రతి గీతలోనూ గోధుమరంగు తుప్పు, తుప్పు మీద దుమ్ము. రాత్రికి రాత్రి పట్టే తుప్పు కాదు. ఆయన అవతలి పక్కనుంచి ఇంకోటి తీశాడు. అదే కనబడింది.

మేనేజరు తెర మీద వేలు పెట్టి చూశాడు. "పాతదే. లారీ ఎక్కకముందే పడింది. నిదానాన్ని పిలవండి, సంతకం చేస్తా."

భూతద్దం గేటు దాకా దాదాపు పరుగెత్తాడు. కాపలాదారు కుర్చీలోంచి లేవలేదు.

"వెళ్ళిపోయాడు సార్, మీతో మాట్లాడాక. హమాలీ బిళ్ళ కూడా ఇచ్చేశాడు."

"సంతకం నాలుగింటికి కదా, అందాకా ఆగొచ్చు కదా?"

"నేనూ అదే అన్నా. పదకొండేళ్ళు చూసిన మనిషికి ఇంకా అనుమానమేనట, బొమ్మ చూస్తే పోతుందా అన్నాడు."

"నంబరు ఉందా?"

"నా ఫోన్లోంచే కదా చేసేవాడు. మీ దగ్గర లేదా?"

భూతద్దం జేబులోంచి ఫోను తీశాడు. పగలగొట్టిన కేసుల్లో ఉన్న డ్రైవర్ల నంబర్లు అందులో నూటికి పైగా ఉన్నాయి. నిదానం అని వెతికాడు. ఆ తర్వాత అసలు పేరుతో వెతుకుదామనుకున్నాడు. ఆ పేరు ఏమిటో గుర్తు రాలేదు.

"ఎటు వెళ్ళాడు?"

"అటే" అని కాపలాదారు రోడ్డు వైపు గడ్డం ఎత్తాడు. అటు లారీలు పోతున్నాయి.

లోపలికొస్తే హమాలీలు కూర్చునే బల్ల ఖాళీగా ఉంది. దాని చివర, ఎవరూ తీయకుండా, బరువు మోసేటప్పుడు భుజాన వేసుకునే గోనెమెత్త ఒకటి. మూడు మడతలు వేసి నీలందారంతో కుట్టింది. ఎడమ భుజం ఆనిన చోట గోనె నల్లబడి, నునుపుదేలి, ఇంకా గుంటపడే ఉంది.