గిడ్డి

దేవమ్మను తుంగతుర్తిలో అందరూ గిడ్డి అనేవారు. ముప్పై ఏళ్లు వచ్చినా ఆమె తల అన్న బీరన్న నడుము దాటలేదు. ఆ పేరు ఎట్లా వచ్చిందంటే ఒక్కొక్కరిది ఒక్కో మాట. నూనె కొలిచే గిద్దె నుంచి వచ్చిందని కొట్టు సేటు నవ్వేవాడు. తల్లి భద్రమ్మ మాత్రం, "నువ్వు పుట్టిన నాడే మన గిడ్డావు ఈనింది బిడ్డా. గా పొట్టి ఆవు పేరే నీకు పెట్టుకున్న" అని చెప్పేది. దేవమ్మకు అదే ఇష్టం. ఎవరు గిడ్డీ అని పిలిచినా పలికేది.

ఎనభై ఏడు కరువులో మేత లేక మంద సగం చచ్చింది. మిగిలిన గొర్రెలను సూర్యాపేట అంగడిలో అమ్మి, బీరన్న పట్టపగలే తాగి ఇల్లు చేరాడు. అన్నం కాలేదని భార్య తిరుపతమ్మను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి, తల గోడకేసి కొట్టాడు. ఆమెకు ఏడో నెల. నెత్తురు కళ్లలోకి కారుతున్నా రెండు చేతులూ కడుపు మీది నుంచి తీయలేదు.

"అన్నా, ఇడిసిపెట్టు" అంటూ దేవమ్మ అతని కాలు చుట్టుకుంది. ఒక్క తన్నుకు అరుగు మీద పడి ఆమె పెదవి చీలింది.

భద్రమ్మ గడపలో కూలబడి కూతురితో అంది, "మీ అయ్య గూడ గిట్లనే. గీ గిడ్డిది నాకెందుకని నిన్ను కాళ్లు పట్టి బండకేసి కొట్టబోయిండు. అడ్డం పోతే నా చెయ్యి ఇరిగింది. ఊరు గా మాటనే పట్టుకున్నది. ఆవు లేదు, ఏం లేదు బిడ్డా."

బీరన్న ఈసారి తిరుపతమ్మ కడుపు మీదికి కాలెత్తాడు. దేవమ్మ తనకంటే పొడవైన రోకలిని రెండు చేతులా తిప్పి కొట్టింది. ఆమెకు అందేది మోకాలే. ఎముక విరిగిన చప్పుడు పక్కింటిదాకా వినపడింది.

కింద పడ్డాక అతని తల కూడా అందింది. రోకలి ఎత్తి పట్టుకుని, "మల్ల తంతవా?" అని అడిగింది.

"తన్న."

అయినా రెండో మోకాలి మీద ఇంకో దెబ్బ వేసింది.

అన్ననూ వదిననూ ఒకే బండిలో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయింది తనే. రెండు నెలలకు తిరుపతమ్మ ఆడపిల్లను కన్నది. కాళ్లు వంకరగా అతుక్కున్న బీరన్న అరుగు మీదే ఉండేవాడు. చెల్లెలు ఆ పక్కగా వస్తే గోడకు ఒదిగి దారి ఇచ్చేవాడు.