అన్న పెట్టిన నాలుగు చుక్కలు

అన్న పోయిన పద్దెనిమిదో రోజున మా మెకానిక్ షెడ్డు తెరిచాం. తాళం తీసింది వదిన. నేను పక్కన నిలబడ్డాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. అన్ని రోజులుగా నాకు అన్నం రుచి కూడా తెలియడం లేదు.

అన్న సగంలో వదిలిన జీపు అలాగే నాలుగు స్టాండ్ల మీద ఉంది. రాళ్ల దారుల్లో తిరగడానికని యజమాని స్ప్రింగులు ఎత్తు చేయించుకున్న బండి. అలా ఎత్తు పెంచితే, ఇంజను బలాన్ని ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ బాక్సు పైకి పోతుంది, వెనక ఇరుసు కిందే ఉండిపోతుంది. రెంటినీ కలిపే జాయింటు షాఫ్టు ఏటవాలుగా నిలబడుతుంది. దాని రెండు చివరలా వంపు సమానంగా లేకపోతే షాఫ్టు కొట్టుకుని కొట్టుకుని ఏదో ఒకరోజు విరుగుతుంది. బాక్సును మోసే అడ్డపట్టీని అన్న ఛాసిస్‌కు ప్రస్తుతానికి నాలుగు వెల్డు చుక్కలతో అంటించాడు. నిండు వెల్డు పెట్టకముందే గుండె ఆగింది.

"ఉన్నచోటే నిండుగా పెట్టేస్తాను వదినా. అన్న చేతి పని."

"ముందు కొలత తియ్యి."

పన్నెండేళ్లుగా అన్న బండి కింద పడుకుని వంపు కొలిచే గేజి పెడుతుంటే, టార్చి పట్టి అంకెలు రాసుకున్నది ఆవిడే. నేను కిందికి దూరి షాఫ్టు రెండు చివరలా గేజి పెట్టాను.

"పైన ఇరవై డిగ్రీలు, కింద పదిహేడు."

"ఇరుసు గాల్లో వేలాడుతుంటే కొలుస్తావేంటయ్యా? మంచం మీద పడుకున్నవాడి ఎత్తు చూసి గుమ్మం పెట్టినట్టుంది నీ యవ్వారం. చక్రాల మీదికి దించు."

దించాను. సామాను బరువుకు బదులు రెండు ఇసుక బస్తాలు వేశాం. ఈసారి పైన పదకొండు, కింద ఎనిమిది.

"మూడు తేడా. పట్టీ రెండు వేళ్లు దిగాలి. బాక్సు వెనక్కి వాలి పై వంపు ఎక్కువ తగ్గుతుంది," అంది వదిన.

"అన్న ఇక్కడ పెట్టాడంటే ఆలోచించే పెట్టుంటాడు కదా."

"తేల్చుకోలేకే చుక్కలు పెట్టి ఆపాడు. ఖాయం అనుకునుంటే ఆ పూటే నిండుగా పెట్టేసేవాడు కాదూ? నీకు తెలీదా ఆయన సంగతి?"

తెలుసు.

అప్పుడే జీపు యజమాని వచ్చాడు. సంగతి విని మొహం ముడుచుకున్నాడు. "కింద ఏదీ వేలాడకూడదని మీ ఆయన దగ్గర మాట తీసుకున్నానమ్మా. రాయి తగలదూ?"

"రాయి తగిలితే పట్టీ వంగుతుంది. షాఫ్టు విరిగితే ఆ ముక్క సీటు కిందనుంచి పొడుచుకొస్తుంది. ఏది కావాలో మీరే చెప్పండి."

అతను తన కాళ్ల వంక చూసుకున్నాడు. "ఆయనుంటేనా..."

"ఆయనుంటే ఈపాటికి తిట్టి పంపేవాడు. నేను గనక మర్యాదగా చెబుతున్నాను."

"సరే, మీ ఇష్టం. బండి వణికిందా, ఈ గుమ్మం నేను తొక్కను, మా వాళ్లెవర్నీ తొక్కనివ్వను," అని వెళ్లిపోయాడు. మా షెడ్డుకొచ్చే బండ్లలో సగం అతని వాళ్లవే.

వదిన గ్రైండరు తెచ్చి నా చేతిలో పెట్టింది. పట్టుకున్నాను గానీ మీట నొక్కలేకపోయాను. చుక్కలు చింతగింజంత ఉన్నాయి, ఒక్కోటి.

"నావల్ల కాదు వదినా. ఆయన చివరిసారి చెయ్యిపెట్టింది వీటి మీదే."

"పోనీ నేనే కోస్తాను. నాకు చేతకాదు, ఛాసిస్‌కు గాటు పడుతుంది. అప్పుడు అదీ ఆయన పనే అనుకుంటారు జనం. పరవాలేదా?"

బాక్సు కింద జాకీ పెట్టి పడుకున్నాను. మొదటి చుక్క తెగితే లోపల ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. నిప్పురవ్వలు మెడ మీద పడ్డాయి, అవి కూడా కాలినట్టు తెలియలేదు. మిగతా మూడూ కోసేశాను. వదిన జాకీ పిడి కొద్దికొద్దిగా వదిలింది. పట్టీ రెండు వేళ్లు దిగి ఆగింది.

గేజి పెట్టాను. "పైన అయిదు."

"కింద?"

వెనక్కి జరిగి మళ్లీ పెట్టాను. "అయిదు."

పుస్తకంలో రాసుకుంది. ఆవిడ మొహం చూద్దామనుకున్నాను గానీ, కింద నుంచి నాకు చెప్పులే కనిపించాయి.

"నిండుగా పెట్టెయ్," అంది.

వెల్డింగు ముసుగు దించుకున్నాను. లోపలంతా చీకటి. అక్కడ ఏమీ లేదు. రాడ్డు ఇనుముకు ఆనించాను.